విమానమెక్కిన ఒంగోలు గిత్త

యుద్ధం అయిపోయాక సైన్యం వాళ్ళు గన్నవరం దగ్గర ఒక మైదానాన్ని వదిలేసి వెళ్ళారు. బెజవాడ షావుకారు ఒకాయన ఆ సైన్యమే అమ్మేసిన పాత డకోటా విమానాన్ని కొని, ఆ మైదానంలో దింపి, సరుకుల రవాణా మొదలుపెట్టాడు. నేను అందులో లోడు గుమస్తాని. అంటే ఏ సరుకు ఎంత బరువుందో కాటా మీద తూచి, దాన్ని విమానంలో ఎక్కడ పెట్టాలో చెప్పి, చెప్పింది ఎవరూ వినకపోతే అరిచి అరిచి గొంతు పోగొట్టుకునే ఉద్యోగం. మాది మగ్గాల ఇల్లు. నూలు చిలప చేత్తో పట్టుకుని బరువు చెప్పగలను కాబట్టి ఇనుము బరువు కూడా చెప్పగలనని నన్ను తీసుకున్నాడు షావుకారు. ఆయన తెలివి అలాంటిది.

ఉత్తరాన కొండల్లో, అడవి ఎస్టేట్ల దగ్గర, యుద్ధకాలంలో చదును చేసిన మట్టి మైదానాలు చాలా ఉండేవి. వానలు పడి వాగులు పొంగితే అక్కడికి లారీ పోదు, ఎడ్లబండి అసలే పోదు. వాళ్ళకి కావలసినవన్నీ మేమే మోసేవాళ్ళం. రైసుమిల్లు ఇంజన్లు మోశాం. ఒక నాటకాల కంపెనీ వాళ్ళ సింహాసనం తలుపులో పట్టకపోతే దాని కాళ్ళు కోయించాను. రాజు వేషం వేసేవాడు తన కాళ్ళే కోసినట్టు లబోదిబోమన్నాడు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి మా హమాలీలు. తూచిన బస్తా మీద దోసెడు కొసరు పోయకపోతే వాళ్ళకి చెయ్యాడదు. "విమానానికి కొసరేమిట్రా, మీ దుంపతెగ!" అని నేను మొత్తుకుంటే, "పోనీండి బాబుగారూ, దోసెడే కదా" అని నన్ను ఓదార్చేవాళ్ళు.

అలాంటి రోజుల్లో ఒక గిత్తని మోయాల్సి వచ్చింది.

కంకిపాడు దగ్గర పల్లెలో ఒక పెద్ద రైతు ఉండేవాడు. భారీ మనిషి, మీసాలు, గట్టి గొంతు. ఆయన గిత్త పశువుల ప్రదర్శనలో నిలబడితే జనం ముక్కున వేలేసుకునేవారు. తెల్లగా, ఎత్తయిన మూపురంతో, మోకాళ్ళదాకా వేలాడే గంగడోలుతో, తనని చూడడానికే జనం వచ్చారని తెలిసినట్టు నిలబడేది. ఒకసారి కొండల వైపు నుంచి వచ్చిన ఒక జమీందారు దాన్ని చూసి, "అబ్బ, ఏం గిత్తండీ!" అన్నాడట. మా రైతు మర్యాదస్తుడు. "మీదేననుకోండి" అన్నాడట.

మా కృష్ణాజిల్లాలో ఈ మాట చాలా సులువుగా అనేస్తాం. ఇల్లు బాగుందంటే మీదేననుకోండి. గొడుగు బాగుందంటే మీదేననుకోండి. అవతలివాడు "అయ్యో, ఎంత మాట!" అనాలి. అక్కడితో ఇద్దరి మర్యాదా దక్కుతుంది, గొడుగు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటుంది. పాపం ఆ జమీందారుకి ఈ పద్ధతి తెలియదు. "చాలా సంతోషం" అన్నాడు. పదిమందిలో అన్న మాట. వెనక్కి తీసుకుందామంటే మా రైతుకి నోరు రాలేదు. ఊరెళ్ళిన జమీందారు రైతుకి ఒక శాలువా పంపించి, గిత్తని విమానంలో పంపించమని మా షావుకారుకి కబురు పెట్టాడు. నడిపించి తీసుకెళ్ళొచ్చు కదా అంటే, వానాకాలమట, పైగా తన ఎస్టేటులో గిత్త ఆకాశంలోంచి దిగడం జనం చూడాలట. గొప్పవాళ్ళ సరదాలు గొప్పగానే ఉంటాయి.

మా పైలట్ పంజాబీ కుర్రాడు. యుద్ధంలో బర్మా అడవుల మీద తిరిగినవాడు, దేనికీ బెదరడు. గిత్త అనగానే మాత్రం మొహం మాడ్చుకున్నాడు. గాల్లో ఉండగా అంత పశువు బెదిరి తాళ్ళు తెంచుకుంటే రేకుల గోడ నిలవదు, అందరం పోతాం అన్నాడు. అందుకని ఒక షరతు పెట్టాడు. నడుముకి రివాల్వరు కట్టుకుంటాడు. తాడు తెగిందంటే గిత్తని కాల్చేస్తాడు. ఇంకో మాట లేదు.

ఈ సంగతి రైతుకి చెప్పాల్సిన పని నాకే పడింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. కాసేపు మీసం పీక్కుని, "నేనూ వస్తానండి. నా చెయ్యి దాని మీద ఉంటే అది కదలదు. నేను లేకపోతే మాత్రం ఒక్క నిమిషం నిలబడదు, చంపేస్తారు దాన్ని" అన్నాడు. లెక్క చూశాను. అక్కడ పెట్రోలు దొరకదు కాబట్టి తిరుగు ప్రయాణానికి కూడా ఇక్కడే పోసుకోవాలి. అయినా గిత్త, ఆయన, ఇద్దరూ సరిగ్గా సరిపోతారు. "ముందురోజు సాయంత్రం నుంచి దానికి మేత పెట్టకండి, నీళ్ళు కొంచెమే పట్టండి" అని మరీ మరీ చెప్పి పంపాను. ఆయన అలాగేనని బుద్ధిగా తల ఊపాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే పల్లె పల్లెంతా గిత్త వెంట వచ్చింది. కొమ్ములకి రంగు, మెడలో గంటలు, నుదుట బొట్టు. కాటా మీద నిలబెట్టి చూద్దును కదా, ముల్లు ఎక్కడికో వెళ్ళిపోయింది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం పెట్టారండీ దీనికి?"

"అబ్బే, ఏం పెట్టలేదండీ" అన్నాడు రైతు.

"ఏం పెట్టకపోతే డోలులా ఉందేమిటి కడుపు?"

పక్కనుంచి ఆయన భార్య అందుకుంది. "ఊరికి పోయేవాణ్ణి ఖాళీ కడుపుతో పంపిస్తామా బాబూ? కాసిని ఉలవలు ఉడకబెట్టానంతే. తవుడు కలిపాను. కుడితి అది అడిగితేనే పెట్టాను. తోడికోడలు బెల్లం తెచ్చింది, వద్దంటే ఏమనుకుంటుందో అని…"

ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కొక్క గంప పెట్టినట్టు తేలింది. గంటలు విప్పించాను. విమానంలో ఊడదీయగలిగినవన్నీ తీయించాను. అయినా ముల్లు దిగదు. లెక్కవేస్తే, పొద్దుటినుంచి గిత్త తిన్నదీ తాగిందీ కలిపి దాదాపు ఒక మనిషి బరువు. తన ప్రేమే తన సీటుని తినేసిందని ఆ పెద్దమనిషికి ఎలా చెప్పను? పైలట్ వచ్చి చూసి, వేలు పెట్టి రైతుని చూపించి, "ఈయన దిగాలి" అన్నాడు. గిత్త పక్కన ఉండడానికి రైతుకి బదులు సగం బరువున్నవాణ్ణి ఎవరినైనా ఎక్కించొచ్చన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నేను అప్పట్లో ఊదితే ఎగిరిపోయేట్టు ఉండేవాణ్ణి. మగ్గాల ఇంట్లో పెరిగిన నేను తోకున్న జంతువుని అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

"ఈవేళ్టికి వాయిదా వేద్దామండీ, రేపటికి అరిగిపోతుంది" అని బతిమాలాడు రైతు. అక్కడ జమీందారు మేళాలతో కాచుకుని ఉన్నాడని షావుకారు ఒప్పుకోలేదు. తాటిమొద్దులతో కట్టిన వాలు మీద నుంచి రైతే గిత్తని లోపలికి నడిపించాడు. చుట్టూ ఊక బస్తాలు పేర్చి, నాలుగు వైపులా మోకులతో కట్టాం. ఆయన తన తలగుడ్డ విప్పి గిత్త ముక్కు దగ్గర కట్టాడు. "నా వాసన తగుల్తుంటే ఊరుకుంటుందండీ. బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. అది రంకె వేస్తే భయం వల్లేనని ఆయనకి చెప్పండి. తొందరపడి కాల్చవద్దని చెప్పండి." వాలు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంజన్లు మోగాయి. పైకి లేచేటప్పుడు నేను గిత్త కళ్ళలోకి చూస్తూ, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దండాలు పెట్టాను. పైలట్ ఒక్కొక్కసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. చెయ్యి రివాల్వరు మీదే. గిత్త చెవులు ఆడించింది. కృష్ణ కాలవలు కింద సన్నగా కనబడుతుండగా నూనె పట్టించిన తలుపులా మెత్తగా, చప్పుడు లేకుండా మోకాళ్ళు మడిచి, పడుకుంది! నెమరు వేయడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ తలగుడ్డ వాసన చూసింది, నాకింది, నములుతూ నములుతూ మొత్తం మింగేసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. కొండల మీద మబ్బుల్లో విమానం కుదిపేస్తుంటే నేను వాంతులు చేసుకున్నాను గానీ అది మాత్రం కన్ను తెరవలేదు.

దిగిన చోట డోళ్ళు, సన్నాయిలు, జనం. జమీందారు స్వయంగా దండ వేశాడు. గిత్త వాలు దిగి, మైదానం అంచున పచ్చగడ్డి చూసి, దండతో సహా అటు వెళ్ళిపోయింది. నావైపు గానీ, విమానం వైపు గానీ చూడలేదు.

సాయంత్రానికి మేం గన్నవరం తిరిగొచ్చాం. రైతు ఇంటికి వెళ్ళలేదు. రేకుల షెడ్డు పక్కన, ఉత్త తలతో, పొద్దున ఎక్కడ నిలబడ్డాడో అక్కడే ఉన్నాడు. మంచినీళ్ళు కూడా ముట్టలేదని హమాలీలు చెప్పారు. దారి పొడుగునా ఆయన కోసం రంకెలు వేసిందని చెబుదామని గాల్లోనే మాటలు కూర్చుకుంటూ వచ్చాను. నేను నోరు తెరిచే లోపలే పైలట్ దూకి దిగి, ఆయన భుజం తట్టి, తనకొచ్చిన తెలుగులో సంబరంగా చెప్పేశాడు. "పెద్దాయనా! మీ గిత్త చాలా మంచి! అరవలేదు, లేవలేదు, మొత్తం నిద్ర! ఇంత మంచి పాసింజరు నాకు ఎప్పుడూ రాలేదు!"

రైతు రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. తర్వాత నెమ్మదిగా నా దగ్గరికొచ్చాడు.

"నిద్రపోయిందాండీ?"

"పోయిందండీ."

"ఒక్క రంకైనా వెయ్యలేదా?"

"లేదండీ."

"దిగాక వెనక్కి తిరిగి చూసిందా?"

"అక్కడ పచ్చగడ్డి ఉందండీ" అన్నాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

"తల్లి చచ్చిపోతే వెదురుగొట్టంతో పాలు పోసి పెంచానండీ దాన్ని" అన్నాడు. "పొద్దుటినుంచి నా ప్రాణం ఇక్కడ గిలగిల్లాడిపోతుంటే, అది నిద్రపోయిందా! దొంగ గొడ్డు! విశ్వాసం లేని గొడ్డు!" నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతూనే బండెక్కాడు. బండి కదిలింది. మళ్ళీ ఆపించి, దిగి, నా దగ్గరిదాకా నడిచొచ్చాడు.

"బాబూ, మళ్ళీ అటు సరుకు వేసుకెళ్తారా?"

"వెళ్తూనే ఉంటామండీ."

"గంగడోలు కింద, కుడివైపు, ఒకచోట గోకితే దానికి ఇష్టం. కాస్త గోకి రండి." రెండడుగులు వేసి ఆగాడు. "నేను చెప్పానని మాత్రం దానికి చెప్పకండి."