బోణీ కాని పొద్దు

మొన్న మనవరాలు పట్టుబడితే జనగామలో కొత్తగా వెలిసిన షాపింగ్ మాలుకు వెళ్లాను. ఇంకా పొద్దెక్కలేదు, మేమే మొదటి గిరాకీ. చీరలన్నీ తిరగేయించి, ఏదీ నచ్చక ఉత్తచేతులతో గుమ్మం దాటుతుంటే నాకు భయమేసింది. ఎందుకో మనవరాలికి చెప్పినా అర్థం కాదు గానీ, బోణీ పట్టింపు ఎరిగిన మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు.

స్టేషన్ దగ్గరి మూడంతస్తుల పాత షాపు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అద్దాల తలుపులు, చల్లగాలి, తెల్లటి పరుపులు. గుండుసూది మొదలు పట్టుచీర దాకా దొరకనిది లేదు, మహబూబాబాద్, గార్ల నుంచి కూడా పెళ్లివాళ్లు రైలు దిగి నేరుగా అక్కడికే వచ్చేవారు. అందులో చీరలు చూపించే పని నాది. నడుం పడిపోయి మంచాన ఉన్న మా ఆయన మందులకూ, పిల్లల తిండికీ నా జీతమే దిక్కు. సేటు చెడ్డవాడు కాదు గానీ, మొదటి గిరాకీని ఉత్తగా పంపిన మనిషి మర్నాడు పనిలో కనిపించేది కాదు. అందుకే పొద్దున మెట్ల మీద తొలి అడుగు వినబడితే చాలు, ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకునేదాన్ని.

తరువాత జనం బట్టలకు హైదరాబాద్ వెళ్లడం మరిగారు, ఆపైన ఫోన్లలోనే కొనడం మొదలుపెట్టారు. పై అంతస్తులకు తాళాలు పడ్డాయి, బోణీ కావడానికే మధ్యాహ్నమయ్యేది. సేటు తిట్టడం మానేశాడు. తిట్టకపోతేనే నాకు ఎక్కువ భయమేసేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఇంకా బోణీ కాలేదు, తాటిముంజల గంప ఎత్తుకుని ఒక అవ్వ వచ్చి చెప్పులు బయటే విడిచి, అద్దాల తలుపు తాకడానికి జంకుతూ నిలబడింది.

"నాయినా, ఎండకు పానం పోతున్నది, జర లోపట కూసోవచ్చునా?"

సేటే లేచి వెళ్లి తలుపు తీశాడు. నీళ్లు తాగి కాసేపు కూర్చుని ఆమె గంప ఎత్తుకోబోతే, తొలి గిరాకీ ఉత్తగా పోతుందని నేను హడలిపోయాను. అంతలో సేటు గబగబా అరలోంచి ముఖం తుడుచుకునే దస్తీ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఉత్తగ పోకు అవ్వా, గిది తీస్కపో. మాకింక బోణీ గాలే."

"నాకు సుత గాలే నాయినా, పైసలేడియి?" అని ఆమె బెదిరిపోయి, మళ్లీ ఏమనుకుందో, గంపలోంచి నాలుగు ముంజలు తీసి ఆయన దోసిట్లో పోసింది.

వాటిని కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో పెట్టి సేటు "బోణీ అయ్యింది, బోణీ అయ్యింది" అని తనలో తానే గొణుక్కున్నాడు. ఇన్నేళ్లూ ఎవరికి భయపడ్డానో, ఆయనా నాలాగే ప్రతి పొద్దునా భయపడుతున్నాడని అప్పుడు తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఆ వానాకాలమే షట్టర్ దిగిపోయింది. జాకెట్లు కుట్టి ఇల్లు గడుపుకొచ్చాను.

మొన్న మాలు బయటిదాకా వచ్చినదాన్ని మనసొప్పక వెనక్కి వెళ్లి ఒక దస్తీ కొన్నాను. కౌంటర్‌లోని పిల్ల తలెత్తకుండానే బిల్లు చేతిలో పెట్టింది. ఆ పిల్లకు గిరాకీ పోతుందన్న భయం లేదు, మంచిదే. కానీ ఆ మాలు ఏమైపోతుందోనన్న బెంగా లేదు. అంత పెద్ద మాలులో దాని కోసం భయపడింది, ఒక దస్తీ కొన్న నేనొక్కదాన్నే.