తాతయ్య చెప్పని నంబరు

నా చిన్నప్పుడు మేం హిందీ మాట్లాడే ఒక కార్ఖానా ఊళ్ళో, పర్సుడీహ్ బజారు వెనక రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. డెబ్బైల మధ్య మాట ఇది. నాకు పదకొండేళ్ళు. నాన్న కాంట్రాక్టు పనికి పోయేవాడు. మా తాతయ్య ఆ ఏడే ఉద్యోగం దిగిపోయి ఇంటి పట్టున ఉన్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె. వయసులో ఉండగా వైమానిక దళంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దు దగ్గర విమానాలకు ఫిట్టరుగా పనిచేశాడు. యుద్ధం అయ్యాక ఈ ఊరొచ్చి కార్ఖానాలోనూ అదే పని చేశాడు. యుద్ధం చూసొచ్చిన మనిషని మా వీధిలో చాలామందికి తెలియదు. ఆయనా చెప్పుకునేవాడు కాదు. అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయి. మాట్లాడటం కూడా ఆయనకు బరువెత్తే పనిలాగే ఉండేది.

ఆ ఎండాకాలం మా ఊళ్ళోనే కద్మా అనే పేట నుంచి ఒక ఇంజనీరు గారు స్కూటరు మీద మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. తెలుగువారే, బాగా చదువుకున్న కుటుంబం. పాత యుద్ధవిమానాల సంగతులు పోగుచేయడం ఆయన పిచ్చి. మా జిల్లాలోనే ధల్‌భూమ్‌గఢ్, చాకులియా వైపు యుద్ధకాలంలో వేసిన రన్‌వేలు గడ్డిలో కలిసిపోతున్నాయని, వాటి మీద జనం వడ్లు ఆరబోసుకుంటున్నారని ఆయన బాధపడేవారు. ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోతున్నారని, రాసి పెట్టకపోతే ఏమీ మిగలదని అనేవారు. మంచి మనిషి. కాని ఆయన ప్రశ్నలన్నీ యంత్రాల గురించే. ఏ రకం ఇంజను, ఏ నంబరు విమానం, ఏ తేదీన లేచింది. తాతయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించి, గేపకం లేదు బాబూ, అనేవాడు. ఇంజనీరు గారు నిరాశ దాచుకుని మళ్ళీ ఆదివారం వచ్చేవారు.

తాతయ్య తనంతట తాను చెప్పింది ఒక్కటే. ఒకరోజు పొద్దున తాను సిద్ధంచేసి పంపిన రెండు సీట్ల బాంబరు తిరిగి రాలేదు. నడిపినతని ముఖం గుర్తుంది. వెనక సీట్లో కూర్చున్న గన్నరు ఆ రోజే కొత్తగా వచ్చాడు, అప్పటికే తలకు తోలుటోపీ, కళ్ళకు అద్దాలు పెట్టేసుకున్నాడు, కాబట్టి ముఖం చూడలేదు. అంతే. అది చెప్పి ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు.

ఒక ఆదివారం ఇంజనీరు గారు రెండు కాగితాలు ఇచ్చి వెళ్ళారు. ఒకటి ప్రశ్నలు టైపు చేసి, జవాబులకు ఖాళీలు వదిలినది. రెండోది ఆ సరిహద్దులో తిరిగిరాని విమానాల నంబర్ల పట్టీ, చూస్తే ఏదైనా గుర్తొస్తుందేమోనని. తాతయ్యకు కళ్ళు ఆనేవి కావు. ఆయన చెప్తుంటే నేను రాశాను. సగం పైన ఖాళీలు అలాగే మిగిలిపోయాయి. ఆయన నిద్రపోయాక ఆ కాగితం చూస్తే నాకు సిగ్గేసింది. మా తాతయ్య యుద్ధంలో ఏమీ చేయనట్టు, ఏమీ చూడనట్టు కనిపించింది. ఇంజనీరు గారు మళ్ళీ రారేమోనని కూడా భయం. ఆయన వచ్చిన రోజున మా ఇల్లు నాకు కొంచెం పెద్దదిగా అనిపించేది.

పట్టీలోంచి ఒక నంబరు ఏరి, తిరిగిరాని విమానం అన్నచోట రాశాను. చివరిసారి ఏం చూశారు అన్నచోట, వెనక కూర్చున్న గన్నరు నవ్వుతూ చెయ్యి ఊపాడని రాశాను. ఊరికే రాయలేదు. చేతులు ఊపడం, నవ్వడం అందరూ చేసేదే కదా అనుకున్నాను. అందులో ఎవరికీ నష్టం ఉందని నాకు తట్టలేదు.

తన పట్టీలోని నంబరొకటి తాతయ్యకు గుర్తొచ్చిందని ఇంజనీరు గారు పొంగిపోయారు. తాతయ్యతో ఒకమాట సరిచూసుకుందామన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. నా రాత మీద అంత నమ్మకం. అలాంటి కథలన్నీ కలిపి చిన్న పుస్తకంలా టైపు చేయించి, పాత సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు పోస్టులో పంపారు. నేను ఆ సంగతి మరిచిపోయాను.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు రిక్షా ఆగింది. ఇంజనీరు గారు, ఆయన వెనక నేత చీర కట్టుకున్న ఒకావిడ, ఆవిడ తమ్ముడు దిగారు. ఖరగ్‌పూర్ నుంచి పాసింజరు బండిలో వచ్చారట. ఆమెకు యాభై ఏళ్ళుంటాయేమో. పెళ్ళయిన ఎనిమిది నెలలకు భర్త విమానంలో గన్నరుగా యుద్ధానికి పోయాడు. విమానంతో సహా ఆచూకీ తెలియలేదని ఒక తంతి, తరువాత ఆయన అధికారి రాసిన ఉత్తరం ఒకటి వచ్చాయి. విమానం నంబరు ఆ ఉత్తరంలో ఉంది. అప్పటి నుంచీ రైల్వేలో పనిచేసే తమ్ముడి దగ్గరే ఉంటోంది. పోయాడని ఎవరూ తేల్చి చెప్పలేదు కాబట్టి, కర్మ చేయాలో వద్దో తెలియక, ముప్పై ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది.

ఇదంతా ఆమె తమ్ముడే చెప్పాడు. ఆమె నేల మీద కూర్చుని, టైపు కాగితం తీసి, ఆ నంబరు మీద వేలు పెట్టి తాతయ్యకు చూపించింది. తరువాత వేలు కిందికి జరిపి, నేను రాసిన వాక్యం దగ్గర ఆపింది.

"ఆయన నవ్వినారంట గదా అన్నయ్యా. అది మీ నోట ఇందామని వొచ్చినాను."

తాతయ్యకు మొదట అర్థం కాలేదు. ఇంజనీరు గారి చేత ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. అప్పుడు తలుపు పక్కన నిలబడ్డ నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. చాలా అలసిపోయినట్టు ఉంది.

"ఈ నంబరు నాను సెప్పినానా బుల్లీ?"

నాకు తెలుగు రాలేదు. భయం వేస్తే మాకు వీధి భాషే నోటికొచ్చేది. మైఁనే లిఖా, అన్నాను. నేనే రాశాను. నవ్వు కూడానా అన్నాడు. తలూపాను. ఇంజనీరు గారి ముఖం పాలిపోయింది. ఆమె నన్ను చూడలేదు, కాగితం మీది వేలు తీయలేదు.

ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ క్షణాన తాతయ్య అవునమ్మా, నవ్వాడు, అనేసి ఉంటే ఎవరికి తెలుస్తుంది? నేనైతే ఆయన అలాగే అనాలని మనసులో దండం పెట్టుకున్నాను. ఆయన మాత్రం ఆయాసపడుతూ మంచం దిగి, ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించాడు.

"తప్పు మాదమ్మా. మీ ఆయన్ని నాను సూసినానో లేదో నాకు తెల్దు. ఆ బండిలో కూకున్నది ఆయనే అవ్వొచ్చు, కాపోవొచ్చు. మొకం సూడలేదు. సూసినానని నీకు సెప్పలేను."

అమ్మ మంచినీళ్ళు తెచ్చి పెట్టింది, ఎవరూ ముట్టలేదు. ఆమె తమ్ముడు లేద్దామన్నట్టు కదిలాడు. అప్పుడు తాతయ్య, తెలిసినది చెప్తాను వింటావా అని అడిగాడు. ఆమె తలూపింది.

ఆయన ఒక్క బిగిన అంత మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు, తరువాతా వినలేదు. విమానం లేచే ముందు గాలిలోకి పోయేవాళ్ళకు మగ్గులతో టీ తామే అందించేవాళ్ళమని చెప్పాడు. చక్రాల కింది చెక్కదిమ్మలు లాగేశాక, దుమ్ములో కళ్ళు మూసుకుని పక్కకు పరిగెత్తేవాళ్ళమన్నాడు. లేచినవి ఎన్నో, తిరిగి దిగినవి ఎన్నో కింద ఉన్న ప్రతి ఒక్కడూ లెక్కపెట్టుకునేవాడట. ఒకటి తగ్గితే, ఆ విమానం చూసుకునే ఫిట్టరు దాన్ని నిలిపే చోటనే నిలబడిపోయేవాడు. పెట్రోలు ఎంత పోశాడో వాడికి తెలుసు. అది అయిపోయే వేళ దాటిపోయిందనీ తెలుసు. అయినా కదిలేవాడు కాదు. అన్నానికి రమ్మని వాణ్ణి ఎవరూ పిలిచేవాళ్ళు కారు. తానూ అలాగే నిలబడ్డాడు. నట్టు ఏదైనా వదులుగా వదిలేశానా అని ఒక్కొక్కటే మనసులో మళ్ళీ బిగించుకుంటూ నిలబడ్డాడు. ఇవాళ్టికీ అప్పుడప్పుడూ బిగించుకుంటూనే ఉంటానన్నాడు.

"మీ ఆయన బండి కాడ నాను గాపోతే నాలాటోడు ఇంకోడు. ఎవడో ఒకడు సీకటి పడేదాకా కాసుకుని ఉంతాడమ్మా. అది మాత్రం నాకు తెలుసు."

అప్పుడు ఆమె ఏడ్చింది. పెద్దగా కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కొంతసేపటికి కళ్ళు తుడుచుకుని, నేనొక్కదాన్నే కాసుకున్నాననుకున్నాను అన్నయ్యా, అంది. తరువాత అమ్మ పెట్టిన అన్నం తింది. వెళ్ళేముందు నా తల మీద చెయ్యి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని నాకు చాలా ఏళ్ళు అనిపించింది.

వాళ్ళు వెళ్ళాక తాతయ్య నన్ను కొట్టలేదు, కేకలెయ్యలేదు. ఇంజనీరు గారి దగ్గర పుస్తకం పంపినవాళ్ళ చిరునామాలు అడిగి తీసుకున్నాడు. పదిహేడు కార్డులు నా చేతే రాయించాడు. ఫలానా నంబరు, ఫలానా నవ్వు మా తాతయ్య చెప్పినవి కావు, నేను కల్పించి రాసినవి, అని. మూడు రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి ఎందుకు రాశావని అడిగాడు. ఖాళీగా ఉంటే బాగోలేదు తాతయ్యా అన్నాను. ఆయన కాసేపు రేకుల వైపు చూస్తూ పడుకుని, అది ఆళ్ళ ఖాళీయే గుంటా, నువ్వు నింపకూడదు, అన్నాడు.

ఆమె ఆ తరువాత భర్తకు కర్మ చేయించిందో లేదో మాకు తెలియలేదు. తాతయ్య ఇంకో రెండేళ్ళు బతికాడు. ఇంజనీరు గారు రావడం మానలేదు. కాని నంబర్లు అడగడం తగ్గించి, ఎక్కడ నిలబడేవారు, ఏం తినేవారు అని అడగడం నేర్చుకున్నారు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఎవరైనా పోతే, వాళ్ళ పిల్లలు నా దగ్గరకొచ్చి మా అమ్మ గురించి చెప్పు, మా నాన్న గురించి చెప్పు అంటుంటారు. పెద్దదాన్ని కదా, అందరినీ ఎరుగుదునని వాళ్ళ నమ్మకం. వాళ్ళ ముఖాలు చూస్తే ఒక మంచి మాట కలిపి చెప్పాలని నాలుక లాగుతుంది. పోయేముందు నీ పేరు తలుచుకుంది అంటే ఎంత హాయి ఆ పిల్లకు. కాని కాగితం మీద ఆగిన ఆ వేలు నాకు కనిపిస్తుంది. చూసినది చెప్తాను. చూడనిది చూడలేదని చెప్తాను. అలా చెప్పడం ఏళ్ళు గడిచేకొద్దీ తేలికవుతుందనుకున్నాను. కాలేదు.