మా ఇంటామె చేతికి కట్టిన పట్టీ

సహోదరులారా, కాటన్‌పేటలో పాతికేళ్ళుగా బట్టలు కుట్టి బతికినవాణ్ణి, పోయిన సంవత్సరం పక్షవాతం వచ్చి నా ఎడమ చెయ్యి పడిపోయింది, గుడ్డను సూది కిందికి నెట్టే చెయ్యే పోతే దర్జీవాడు ఇంకెందుకని దేవుని మీద, ఇంట్లోవాళ్ళ మీద, ముందున్న కంచం మీద కూడా కోపం చూపించేవాణ్ణి. ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి, ఈ కన్నడ ఊళ్ళోనూ మన తెలుగు పిల్లే, ఇంటి దగ్గర చెయ్యమన్నవి ఒక్కటీ చేసేవాణ్ణి కాదు, అడిగితే చేశానని బొంకేవాణ్ణి.

అప్పుడామె కొత్తగా వచ్చిన పట్టీలు రెండు ఇచ్చింది, చూడ్డానికి వాచీల్లాగే ఉంటాయి. చేతికొకటి కట్టుకుంటే ఏ చెయ్యి ఎంత కదిలిందో లోపలి సెన్సారు గుర్తుపెట్టుకుంటుందట, మూడు రోజులు తీయొద్దంది. నా బండారం బయటపడుతుందని భయపడి ఎడమచేతి పట్టీ విప్పి మా ఇంటామె చేతికి కట్టాను. వద్దంటే అరిచాను. పాపం, ఆ చేత్తోనే ఆమె పిండి పిసికింది, బట్టలుతికింది, నన్ను లేపి కూర్చోబెట్టింది.

మూడు రోజులయ్యాక పట్టీ మళ్ళీ నా చేతికి కట్టుకుని ఆసుపత్రికి వెళ్తే, లెక్క కంప్యూటర్లో చూసి ఆ అమ్మాయి పొంగిపోయింది. ఆ ఆదివారమే నేను ఇదే మైకు ముందుకొచ్చి, ఒక్క ప్రార్థనతోనే నా చెయ్యి బాగైంది, యంత్రమే సాక్షి అని చెప్పాను! మీరు చప్పట్లు కొట్టారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, మా ఇంటామె మాత్రం ముసుగు కిందికి లాక్కుంది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తరువాతి వారం ఆ అమ్మాయి నా ముందు ఖాళీ స్టీలు గ్లాసు పెట్టింది.

"అంకుల్, మీ కుడిచేతికన్నా ఎడమ చెయ్యే ఎక్కువ కదిలిందని చూపిస్తా ఉండాది. దీన్ని ఎత్తండి."

ఎత్తలేకపోయాను. అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, "అది నమ్మి మీ వ్యాయామాలు తగ్గించబోయాను, చెయ్యి అట్లాగే బిగుసుకుపోయేది" అంది.

ఇంటికొచ్చి మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, చెయ్యి తర్వాత చూద్దువుగాని, ముందు నా నాలుకను బాగుచెయ్యి" అని ఏడ్చాను, మా ఇంటామెను క్షమించమని అడిగాను. అప్పటి నుంచి పట్టీ నా చేతికే ఉంది, కదలిక కొంచెమే, అయినా దాచలేదు, మా ఇంటామే పక్కన కూర్చుని రోజూ వ్యాయామం చేయించింది. మీ ముందు ఒప్పుకోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది, క్షమించండి.

నా మాట నమ్మి వైద్యం మానుకున్నవాళ్ళెవరైనా ఉంటే రేపే ఆసుపత్రికి వెళ్ళండి. బాగైనట్టు నటిస్తూ దేవుని దగ్గరకు రావద్దు, ఉన్నది ఉన్నట్టుగా రండి, ఆయన తోసెయ్యడు. ఇదిగో నా ఎడమ చెయ్యి, ఛాతీ దాకానే లేస్తుంది. కానీ ఇది నా చెయ్యే, దేవునికే మహిమ!