రెండు ఆసులు, ఒక తలుపు

బెంగళూరు కాడుగోడిలో మేం అద్దెకున్న ఇంట్లో తలుపున్న గది ఒక్కటే. అందులో ఉన్నవాడు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. మిగిలిన ఐదుగురిలో గది ఎవరిదో పేకాటతో తేల్చుకుందామన్నారు. అప్పట్లో ఆఫీసుల్లో కుర్రాళ్ళందరికీ పోకర్ పిచ్చి పట్టింది. మా ఇంట్లోనూ టోర్నమెంటు పెట్టేశారు.

నాకు ఆ గది కావాలి. కాల్ సెంటర్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చి హాల్లో పడుకుంటే టీవీ, కుక్కర్, ఫోన్లు. నెలల తరబడి కంటి మీద కునుకు లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. జాలిపడి ఇస్తే నాకక్కర్లేదు, గెలిచే తీసుకుంటానని పంతం.

ఆదివారం మధ్యాహ్నం చాప పరిచి కూర్చున్నాం. పందెం కాసే చిప్స్ బిళ్ళలకి బదులు చిక్కపేట బజార్లో తూకానికి కొన్న చొక్కా గుండీలు, తలా ఒక గిన్నెడు. అన్నీ పోగొట్టుకున్నవాడు లేచిపోవాలి. ముక్కలు చూడకముందే వంతులవారీగా కొన్ని గుండీలు చాప మీద పెట్టాలి, అరగంటకోసారి ఆ లెక్క రెట్టింపు. నేను మంచి ముక్కల కోసం కాచుకు కూర్చున్నాను. కూర్చుంటుండగానే నా గిన్నె అడుగంటింది. నేను కాలు ఊపుతుంటే పక్కనున్నవాడు విసుక్కుని మోకాలు పట్టి ఆపాడు.

పోకర్‌లో మనిషి చేతికి రెండే ముక్కలు. నాకు అప్పుడొచ్చాయి ఇస్పేటు ఆసు, ఆటీను ఆసు. అంతకంటే మంచి జత పేకలో లేదు. ఉన్న కాసిని గుండీలూ ఒక్కసారే ముందుకు తోసెయ్యాల్సింది. తోస్తే భయపడి ముక్కలు పడేస్తారు, మహా అయితే ఒక్కడు మిగులుతాడు. కానీ నేను పెళ్ళివారి విడిదిళ్ళలో మూడు ముక్కలాట ఆడి పెరిగినవాణ్ణి. ఆ ఆటలో చేతిలో బలముంటే ఏమీ లేనట్టు ముఖం పెట్టి అందర్నీ లోపలికి లాగాలి. అలాగే చేశాను. మూలుగుతూ, పెట్టక తప్పనన్ని మాత్రమే పెట్టాను. ముగ్గురు వచ్చారు. లోపల ఎగిరి గంతేశాను.

మూడు ముక్కలాటలో చేతికొచ్చిందే ఆఖరు. ఇక్కడ చాప మీద ఇంకా ఐదు ముక్కలు పరుస్తారు, అవి అందరివీ. మొదటి మూడింట్లోనే ఏడు, నాలుగు పడ్డాయి. మిగిలిన గుండీలన్నీ నేను అప్పుడు తోశాను. ఇద్దరు పడేశారు. మాలో పెద్దాయన, బెంగళూరులోనే పుట్టి పెరిగినవాడు, తాపీగా తన ముక్కలు తిప్పాడు. ఏడు, నాలుగు. నా ఒక్క జత మీద ఆయనవి రెండు జతలు. తర్వాత పడిన ముక్కలు నన్ను ఆదుకోలేదు.

“నువ్వు మొదట్లోనే అన్నీ తోసింటే ఈ చెత్త ముక్కలు పడేసేవాణ్ణి గదప్పా,” అన్నాడు. సాయంత్రానికి గది ఆయనదైంది.

ఆ వారమంతా నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆ గది తలుపు బార్లా తెరిచే ఉండేది. చివరికి ఉండబట్టలేక అడిగాను.

“తలుపు వేసుకోవా అన్నా?”

“వేస్తే నాకి ఊపిరాడదప్పా. అవునూ, నీ కండ్లేంది అట్ల ఎర్రగుండాయి?”

పగలు నిద్ర పట్టడం లేదని అప్పుడు చెప్పాను.

“ఈ మాట ముందే చెప్పింటే ఆటెందుకప్పా? ఇప్పుడైనా తీసుకో గది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదో, నా మీదో తెలీదు. “పర్వాలేదన్నా, నాకు అలవాటే,” అనేశాను. టీవీ ముందు దుప్పటి పరుచుకుని, తెరిచి ఉన్న ఆ తలుపునే చూస్తూ పడుకున్నాను.