మధ్య వరుసలో రెండు కుర్చీలు

మా బావ చేతిలో టికెట్టు ఉండగానే ఆయన్ను నాటకశాల గేటు బయట నిలబెట్టారు. లోపల గంట కొట్టారు, తెర లేచింది, మేం బయటే ఉండిపోయాం. మాకు టికెట్టు అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. ఆ అమ్మకానికి చోటిచ్చిన ఇంటర్నెట్టు సైటు తనకేం సంబంధం లేదంది. గేటు దగ్గరివాడు మమ్మల్ని దొంగ టికెట్టుగాళ్లన్నాడు. ఇది అన్యాయం. అన్యాయమని ఈ రోజుకీ ఎవరూ ఒప్పుకోలేదు.

మా బావ అంటే మా అక్క మొగుడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. పగలు మగ్గం గుంటలో కాళ్లు, రాత్రి నాటకాల్లో తల అనేది అక్క. పెనుకొండ పక్కన ఒక నాటక సమాజం ఉండేది. పౌరాణికాలు ఆడేవాళ్లు. అందులో బావ వేషం కట్టింది లేదు. ఆయన పని మాట అందించడం. స్టేజీ పక్కన తెర మడతలో ముక్కాలిపీట వేసుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. రాజు వేషగాడు పద్యం మధ్యలో తడబడితే తరువాతి మాట గొంతు తగ్గించి అందించాలి. అది వేషగాడికి వినబడాలి, జనానికి వినబడగూడదు.

తొంభైల్లో నేను హిందూపురం బెల్లం మండీలో కాటా దగ్గర పని చేసేవాణ్ణి. బడికి పోయినవాణ్ణి కాను. తెలుగు గోడమీది రాతలు చూసి, కన్నడ మండీ చీటీలు చూసి నేర్చుకున్నాను. నాటకం ఉందంటే రైలెక్కి పెనుకొండలో దిగేవాణ్ణి. తెల్లారి బావ వెంట ధర్మవరం పోయి వాళ్లింట్లో టీ తాగేటప్పుడు నాటకం బాగుందని చెబితే ఆయన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు.

"రాజు కిరీటం ముందర్నుంచి యెట్లుంటాది బామ్మర్దీ?"

"తళతళ మెరుస్తాండాది బావా. రాళ్లు పొదిగినట్ల."

"నాకు ఎనకాలిదే తెల్సు. అట్ట, దారం, మైదా జిగురు."

అక్క మగ్గం దగ్గర్నుంచే అందుకునేది. "ఇన్నేండ్లు నాటకాల్లో పడి తిరిగినాడు, నాటకం మాత్రం చూల్లేదంట. ఎవురికన్నా చెప్తే నవ్వుతారప్పా."

నవ్వుకునేవాళ్లం. కానీ అది నిజం. బావ నాటకాన్ని ఎప్పుడూ ఎదురుగా కూర్చుని చూడలేదు. పక్కనుంచి వేషగాళ్ల చెవులు, మెడలు, వీపుమీద చెమటకు తడిసిన మఖమల్ బట్ట చూశాడు. అంతే.

ఆ రోజుల్లో టికెట్లు చేతులు మారేవి. నాటకం తెల్లారేదాకా నడుస్తుంది. ఒకరు మొదటి బస్సు అందుకోవాలి, ఒకరు పొలానికి నీళ్లు కట్టుకోవాలి. అలాంటివాళ్లు తడికెల గేటు దగ్గరికి వచ్చి తమ కుర్చీ అమ్ముకునేవాళ్లు. దానికొక పద్ధతి ఉండేది. అమ్మినవాడు కొన్నవాణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ లోపలికి పోవాలి. తన కుర్చీలో కూర్చోబెట్టాలి. పక్కవాళ్లతో "ఇంక ఈయప్పదే ఈ కుర్చీ" అని చెప్పాలి. అప్పుడే దుడ్లు తీసుకోవాలి. గేటు దగ్గరివాడు మొహం చూసి ఊరుకునేవాడు. నేను అట్లా ఎన్నోసార్లు కొన్నాను. ఎవడూ మోసం చేయలేదు. చేద్దామన్నా కుదరదు, కూర్చోబెట్టి పోవాలి కాబట్టి.

తరువాత ఊరూరా టీవీలు వచ్చాయి, సీడీలు వచ్చాయి. సమాజం మూతపడింది. తెరలు, కిరీటాలు ఎవరింట్లోనో అటకెక్కాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు బావ కళ్లు దెబ్బతిన్నాయి. కంటిలో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానిలో గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగిలింది. అదీ ఎక్కువ కాలం నిలవదన్నారు. మగ్గం వదిలేశాడు.

అప్పుడే తెలిసింది, బెంగళూరులో ఉన్న మన వైపు తెలుగువాళ్లు కొందరు ఆ పాత సమాజం వాళ్లందరినీ పోగుచేసి ఒక పెద్ద నాటకశాలలో చివరిసారి ఆడిస్తున్నారని. రాజు వేషం మళ్లీ అదే మనిషి. నేను ధర్మవరం పోయి చెప్పాను.

"సమాజం వాళ్లను అడుగు బావా. నిన్ను కాదంటారా?"

"అడిగితే స్టేజీ పక్కన కుర్చీ వేస్తారు. మళ్లా ఆ పక్కనుంచేనా? నాకు ఎదురుగా కావల్ల. మరీ ముందర గాదు, నా కంటికి స్టేజీ అంతా ఆనదు. మధ్యలో యాడన్నా. టికెట్టు కొనుక్కుని, జనంలో జనం మాదిరి. ఇంకొక యేడాది పోతే నాకు యాడ కూర్చున్నా ఒకటే గదా," అన్నాడు.

నేను హిందూపురం తిరిగొచ్చేసరికి టికెట్లన్నీ అయిపోయాయి.

మా వీధిలో ఒకప్పుడు టైపు నేర్పిన చోటే ఇంటర్నెట్టు సెంటరు పెట్టింది ఒకావిడ. మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టింది, బల్లలు మాత్రం అవే. విషయం చెబితే వెతికింది. జనం పాత బండ్లు, మంచాలు అమ్ముకునే సైటు ఒకటుందట. అందులో ఒకడు ఆ నాటకానికి రెండు టికెట్లు అమ్ముతానని ప్రకటన వేశాడు. మధ్య వరుస. నేను అక్కణ్ణుంచే ఫోను చేశాను.

"ఆ రోజు ఆఫీసులో పని పడింది అంకుల్. లేకుంటే నేనే పోయేవాణ్ణి," అన్నాడు. గొంతు నెమ్మదిగానే ఉంది.

"నువ్వు గేటు కాడికొచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి పోతావా నాయనా? దుడ్లు ఆడ్నే చేతిలో పెడ్తా."

వాడు నవ్వాడు. "కూర్చోబెట్టేదేంది అంకుల్, మీరేమన్నా చిన్నపిల్లలా? ఇది ఆన్‌లైన్. పేపరు మీ చేతికొచ్చిందంటే సీటు మీదే. నమ్మకం లేకుంటే చెప్పండి, ఇంకా నలుగురు అడుగుతున్నారు."

ఆవిడ నా చేయి పట్టుకుని ఆపింది. "పెద్దాయనా, తొందరపడొద్దు. టికెట్టు నంబరు చెప్పమను. నాటకశాలకే ఫోన్ చేసి నిజమా కాదా కనుక్కుందాం."

మంచి మాట చెప్పింది. వాడు నంబరు చెప్పాడు. నేను నాటకశాలకు చేశాను. అక్కడ ఒకమ్మాయి చూసి, ఉంది సార్, రెండు సీట్లు కన్ఫర్మ్ అయ్యున్నాయి, అంది. ఆ పేరు తీసి మా బావ పేరు రాసుకోమ్మా అన్నాను. పేర్లు మార్చం సార్, ప్రింటు తెచ్చుకుంటే చాలు, అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. ప్రింటు తెచ్చుకుంటే చాలు.

అడగవలసిందంతా అడిగాను. చూడవలసిందంతా చూశాను. అప్పుడే బ్యాంకుకు పోయి వాడి ఖాతాలో కట్టాను. సాయంత్రానికి టికెట్టు కంప్యూటర్లోకి వచ్చింది. ఆవిడ ప్రింటు తీసిచ్చింది. చెమటకు నలిగిపోతుందని పక్క జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాను.

ఆ రోజు బావ ధర్మవరంలో రైలెక్కాడు, నేను హిందూపురంలో అదే పెట్టెలో ఎక్కాను. పట్టంచు పంచె కట్టుకున్నాడు, కండువా ఇస్త్రీ చేసుంది. టికెట్టు చేతికిస్తే కంటికి దగ్గరగా, దూరంగా జరిపి చూశాడు.

"రైలు పాసు మాదిరి ఉందేంది బామ్మర్దీ!"

"పదేండ్లైనా చెక్కుచెదర్దు."

"పదేండ్లు నాకెందుకప్పా, ఒక్క పూట చాలు," అన్నాడు. దొడ్డబళ్లాపురం దాటేదాకా దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

నాటకశాల గేటు దగ్గర ఒకడు చేతిలో కాగితాలు పెట్టుకుని నంబర్లు చూసి పంపుతున్నాడు. కన్నడంలో మాట్లాడాడు, నేనూ కన్నడంలోనే చెప్పాను. మా నంబరు ఒకసారి వెతికాడు. రెండోసారి వెతికాడు.

"ఈ నంబరు లేదు తాతా."

"మొన్న మీ ఆఫీసుకే ఫోన్ చేస్తే ఉందన్నారు."

"ఎవరన్నారు?"

"ఫోన్లో ఒకమ్మాయి."

"ఇది ఎవరి దగ్గర కొన్నావు?"

చెప్పాను. వాడు టికెట్టును వెలుతురుకు పట్టుకుని పక్కవాడికి చూపించి నవ్వాడు. "ప్లాస్టిక్కు వేయిస్తే దొంగ టికెట్టు మంచిదైపోతుందా? పక్కకు జరుగు, వెనక జనం ఉన్నారు."

నాకు ఒళ్లు మండింది. కేకలు వేశాను. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు చూశారు. అమ్మినవాడికి ఫోను చేస్తే మోగింది, మోగి ఆగింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. చివరికి నేనే దిగొచ్చాను. "సరే, నేను రాను. ఇంకోసారి దుడ్లు కడతా. ఈయన ఒక్కణ్ణి పంపించు. ఈయనకు కళ్లు పోతున్నాయి."

"బోర్డు చూడు. హౌస్‌ఫుల్. లోపల ఒక్క కుర్చీ లేదు."

రాజు వేషగాడికి కబురు పెడదామన్నాను. బావ ఒప్పుకోలేదు. "మొగానికి రంగేసినాక మనిషిని బయటికి పిలవగూడదు. నేనే ఎంతోమందిని పోనియ్యకుండా ఆపినా. ఇప్పుడు నా కోసరం పిలుస్తానా?"

లోపల గంట మోగింది. గేటు మూశారు.

నాటకశాల పక్కగోడ వెంబడి నడిచి ఒక అరుగులాంటి దానిమీద కూర్చున్నాం. గోడలోంచి హార్మోనియం వినబడుతోంది. మాటలు కలగాపులగంగా వస్తున్నాయి. బావ తల ఒకవైపు వంచి విన్నాడు. పెదాలు కదిలాయి. నేను చూస్తున్నానని తెలిసి ఆపేశాడు.

"ఇంతకాలం పక్కనుంచి చూసినా. ఈ పొద్దు గోడెనకాల్నుంచి," అన్నాడు. "ప్రమోషనే గదా బామ్మర్దీ."

నేను నవ్వలేకపోయాను. జనం చప్పట్లు కొట్టినప్పుడు ఆయన లేచి, "రైలుకు టైమైతాండాది, పోదాం పా," అన్నాడు. ఇంకా చాలా టైముంది.

హిందూపురం పోలీసు స్టేషన్లో ఫిర్యాదిస్తే బెంగళూరులో జరిగింది, ఆడికే పో అన్నారు. బెంగళూరు పోతే దుడ్లు కట్టింది ఎక్కడ అని అడిగి, హిందూపురంలోనే ఇవ్వు పో అన్నారు. సైటుకు ఇంటర్నెట్టు సెంటరావిడ చేత రాయించాను. మీ సందేశం అందింది, మేము అమ్మేవారికీ కొనేవారికీ మధ్య బాధ్యులం కాము అని కంప్యూటరు దానంతటదే జవాబిచ్చింది. ఆ ప్రకటన మాత్రం మరుసటిరోజుకే కనబడకుండా పోయింది.

నాకు ఒక్కటే అర్థమైంది. మొన్న ఉన్న నంబరు ఈ రోజు లేదంటే, నాటకశాలవాళ్లే ఆ రెండు సీట్లు ఇంకెవరికో మళ్లీ అమ్ముకుని ఉండాలి. ఆ మాటే కన్నడంలో రాసి వాళ్లకు పంపాను. జవాబు లేదు. రిజిస్టర్ పోస్టులో మళ్లీ పంపాను. మా సీట్లలో ఎవరిని కూర్చోబెట్టారో చెప్పండని ప్రతి ఉత్తరంలోనూ అడిగాను. "వదిలెయ్యప్పా, కూర్చున్నోళ్లన్నా చూసినారు గదా," అనేవాడు బావ. ఆ మాటతో ఆయన సరిపెట్టుకున్నాడనుకుంటాను. నేను సరిపెట్టుకోలేదు.

ఆ సమాజం మళ్లీ ఆడలేదు. మరుసటి ఎండాకాలానికి బావ రెండో కన్ను కూడా పోయింది. ఇంట్లో గోడ తడుముకుంటూ నడవడం నేర్చుకున్నాడు.

ఆ తరువాత వచ్చింది నాటకశాల నుంచి జవాబు. టైపు చేసిన కన్నడం, కింద ముద్ర, సంతకం. బావకు ఇప్పటిదాకా చదివి వినిపించలేదు. తెలుగులో దాని పాఠం ఇది:

"మీ లేఖలు అందినవి. ఒకే సీటును ఇద్దరికి అమ్మితిమన్న మీ ఆరోపణ నిరాధారము. సదరు రెండు టికెట్లను మొదట కొనుగోలు చేసిన వ్యక్తి, ప్రదర్శన దినమున ఉదయం మా వెబ్‌సైటు ద్వారా రద్దు చేసుకొని, నిబంధనల మేరకు సొమ్ము వాపసు పొందియున్నారు. అటుపిమ్మట ఆ సీట్లను మేము ఎవ్వరికీ అమ్మలేదు. ప్రదర్శన ముగియువరకు ఆ రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నవి. కావున మా వైపునుండి ఎట్టి పొరపాటు జరగలేదని తెలియజేయుచున్నాము."