బాపుకు నేను కాపలా

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను శేరిగూడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న రోజుల్లో, మా ఇంట్లో భయమంటే తెలియని మనిషి మా నాన్న. బాపు అంటాం. ఆయన పడని భయమంతా కలిపి నేనే పడేదాన్ని. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే భయం, ల్యాబులో మీటరు ముల్లు కదిలితే భయం, కదలకపోతే ఇంకా భయం. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను ఓసారి కూర్చోబెట్టి గ్లాసెడు మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది.

బాపు పదిహేడేళ్లు మిలిటరీలో చేసి, హవల్దారుగా రిటైరై ఇబ్రహీంపట్నం వచ్చాడు. (మా గల్లీలో ఆయన పేరు చాలామందికి తెలియదు. ‘మిల్ట్రీ అన్న’ అంటేనే ఇల్లు చూపిస్తారు.) రిటైరవడమంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. తెల్లారకముందే లేచి రెండు బర్రెల పాలు పిండి, బస్ డిపో దగ్గరి హోటళ్లకు పోసి, తొమ్మిదింటికల్లా ఒక కాలేజీలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఇస్త్రీ బట్టల్లో నిలబడేవాడు. సాయంత్రం డ్యూటీ దిగాక నేరుగా వాలీబాల్ గ్రౌండు. నెట్టు దగ్గర ఎగిరి కొట్టే షూటరు ఆయనే. జ్వరమొచ్చినా ఆట మానడు. “ఆడితె చెమట వడ్తది, చెమట వడితె జరం వోతది” అని ఆయన వైద్యం.

అలాంటి మనిషి ఒక పొద్దున బర్రెలను కడుగుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. హైదరాబాద్ తీసుకుపోతే గుండెకు స్టెంట్ వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, “రోజూ నడవండి. ఎగరడం, దూకడం మాత్రం బంద్” అన్నాడు. ఆ గదిలో ఉన్నది బాపూ, నేనూ. బయటికి రాగానే బాపు అమ్మతో సగమే చెప్పాడు. “డాక్టర్ సాబ్ గ్రౌండుకు పొమ్మన్నడు.” నేను నోరు తెరవబోతే పక్కకు పిలిచాడు.

“మీ అమ్మకు జెప్పకు బిడ్డా, మంచం దిగనియ్యది. నేను ఎనక లైన్ల నిలవడ్త, ఎగర. ఫౌజీ మాట.”

ఫౌజీ మాటంటే మా ఇంట్లో కోర్టు తీర్పు కంటే పెద్దది. సరేనన్నాను. కానీ అమ్మకు ఎక్కడో అనుమానం తగిలింది. “నువ్వు సదువుకున్నదానివి. సాయంత్రం గ్రౌండు కాడ గూసో. మీ బాపు మీద జర నిగ పెట్టు” అని నన్ను కాపలా వేసింది. అటు అమ్మకు కాపలాదారును, ఇటు బాపుకు దొంగసాక్షిని. రోజూ కాలేజీ నుంచి వచ్చి, గ్రౌండు అంచున పుస్తకం తెరిచి కూర్చుని, ఒక్క పేజీ తిప్పకుండా బాపు కాళ్లకూ నేలకూ మధ్య జాగా ఎంతుందో చూస్తుండేదాన్ని. నెలన్నర గడిచింది. బాపు మాట తప్పలేదు.

తర్వాత ఎండాకాలంలో ఒక ఆదివారం పందెం పెట్టుకున్నారు. ఒకవైపు రిటైరైన మిలిటరీ వాళ్లు, ఇంకోవైపు పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న పడుచు పోరగాళ్లు. మొదటి సెట్టు మనవాళ్లు గెలిచారు. రెండో సెట్టులో బాపు బదులు షూటరుగా ఆడుతున్నాయన మడమ బెణికి కుంటుకుంటూ బయటికొచ్చాడు. అందరూ బాపు వైపు చూశారు. బాపు నా వైపు చూడలేదు. చూడకుండానే నెట్టు దగ్గరికి నడిచాడు.

ఒకటి ఎగిరాడు. రెండు. అవతలి పోరగాడొకడు నవ్వుతూ, “కాకా, జర పైలం, మోకాళ్లు జారిపోతయ్” అన్నాడు. ఆ మాటకు మూడోది మరింత ఎత్తుకు ఎగిరాడు. నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు (పందెం పేరు చెబితే నాకు ఆకలి పారిపోయేది), నెత్తిన ఎండ, చేతిలో ఫోను. అమ్మకు చెప్తే బాపుకు నేనిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే బాపే పోతాడేమో. పదకొండో ఎగురుడుకు బాపు కిందికి దిగి, ఒక్క క్షణం నెట్టు గుంజను పట్టుకున్నాడు. అంతే, నేను లేచి ఉరికాను. ఆటను ఆపాలి, అందరిముందూ నిజం చెప్పేయాలి అనుకున్నాను. కోర్టు మధ్యలోకి వెళ్లి, “బాపూ” అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో నాకు గుర్తులేదు, ఎందుకంటే ఏమీ అనలేదు. సొమ్మసిల్లి అక్కడే పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి బాపు నా మణికట్టు పట్టుకుని వాచీ చూస్తున్నాడు. “కాళ్లు మీదికి లేపున్రి, గాలాడనియ్యిన్రి” అని పోరగాళ్లకు హుకుం జారీచేస్తున్నాడు. ఆటోలో వేసుకుని దగ్గర్లోని ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. కాంపౌండరు, చెమటతో తడిసి పాలిపోయిన బాపును చూసి, నన్ను చూసి, “పేషెంటెవరు?” అని అడిగాడు.

ఈలోపు ఎవరో పుణ్యాత్ముడు అమ్మకు ఫోన్ చేసి, “మీవోళ్లు గ్రౌండ్ల పడిపోయిన్రు” అని మాత్రం చెప్పి పెట్టేశాడు. అమ్మ బాపు హైదరాబాద్ దవాఖాన ఫైలు చంకన పెట్టుకుని పరుగున వచ్చింది. గ్లూకోజ్ ఎక్కుతున్న నా మంచం దాటి, స్టూలు మీద కూర్చున్న బాపు దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకుంది.

“యాడ నొస్తుంది?”

“నాకేం కాలే. బిడ్డ పడ్డది.”

అమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. “నిన్ను కాపలా పెడితె నువ్వు పడ్తివా?”

డాక్టరు ఎలాగూ ఫైలు వచ్చింది కదా అని తిరగేసి, బాపుకూ గుండె పరీక్ష చేశాడు. “ఇప్పటికి ఫరవాలేదు. రేపే హైదరాబాద్ పోయి చూపించుకోండి. ఎగరొద్దని ఇందులో రాసుంది, ఎవరూ చెప్పలేదా?” అన్నాడు. అమ్మ బాపును చూసింది, నన్ను చూసింది. “ఇద్దరికిద్దరు” అంది. ఇల్లు చేరేదాకా ఇద్దరికీ సమానంగా తిట్లు పంచింది. ఆ తిట్లతో పోలిస్తే నా సెమిస్టర్ పరీక్షలు ఎంతో తేలిగ్గా అనిపించాయి. మర్నాడు హైదరాబాద్‌లో మందులు మార్చారు. బాపు ఆట మానేసి, నోట్లో ఈల పెట్టుకుని రిఫరీ అయ్యాడు. నేను మాత్రం చాలా ఏళ్లు, అప్పగించిన ఒక్క పనీ చేతగాక నడిగ్రౌండులో పరువు తీశానని కుమిలిపోయాను.

బాపు పోయి రెండేళ్లవుతోంది. పోయే ముందు చలికాలం, ఇంటిముందు ఎండలో కూర్చుని ఉండగా, ఏదో మాటల్లో ఆ ఆదివారం సంగతి వచ్చింది. నేను సిగ్గుతో నవ్వుతుంటే ఆయన నవ్వలేదు.

“ఆనాడు నాకు ఎడమ భుజం గుంజింది బిడ్డా. సెమటలు వట్టినయ్. బయటికి వోతనంటె పోరగాళ్లు నవ్వుతరని గుంజ వట్టుకొని నిలవడ్డ. ఎట్ల దిగాల్నా అని సూస్తుంటె నువ్వు ఉరికొచ్చి పడ్తివి. నిన్ను ఎత్తుకొని బయటికొచ్చిన.”

“మరి డాక్టర్‌కన్నా చెప్పలేదేంది?” అన్నాను.

“మీ అమ్మ పక్కనే ఉండె గదా.”

భయమెరగడనుకున్న మనిషి ఆ రోజంతా నాకంటే ఎక్కువ భయపడ్డాడని అప్పుడు తెలిసింది. అమ్మకు ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివిందంటే, ఈసారి తిట్లు పంచుకోవడానికి పక్కన ఆయన లేడు. మొత్తం నాకే.