సాక్ష్యం చెప్పినంక

2012లో ఒక ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో బస్సెక్కి, ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. కళ్లద్దాల కోసం బైబిలు కవరు జిప్పు తీస్తే మాత్రల అట్ట జారి నా కాళ్ల దగ్గర పడింది. తీసి ఇచ్చాను.

"దిగులుకు వాడుతుంటి బిడ్డా. దేవుడు నయం చేసిండని చర్చిల సాక్ష్యం చెప్పిన. అందరి ముంగట గట్ల చెప్పినంక ఎట్ల మింగాలె? ఆపేసిన."

"మరి నయమైందా అమ్మా?"

"ఏడ? కంటికి నిద్రే లేదు. ఇయ్యాల గూడ నిలబడి సాక్ష్యం చెప్పమన్నరు."

అట్టను మళ్లీ బైబిలు కవరులోనే పెట్టుకుంది. నారాయణగూడ రాగానే కొంగుతో కళ్లు తుడుచుకుని, మొహాన నవ్వు తెచ్చుకుని దిగింది.

నాకేమైందో, "మందులు మానొద్దమ్మా" అని నేనన్నది బస్సు కదిలాకే.